పూత మీద బేరం

రేణిగుంట అవతల, రాగి గొట్టాల ఫ్యాక్టరీలో
మా గదికి ట్రెజరీ అని పేరు.
ఖజానా అనుకునేరు.
ఒక ప్రింటరు, రెండు తెరలు,
మూత సరిగా పడని ఫ్లాస్కు.

నేను బ్యాగు దించేసరికే జపాన్‌లో మధ్యాహ్న భోజనాలు.
యెన్ ఎంత లేచిందో, ఎంత కూర్చుందో చూస్తాను.
కాస్త పొద్దెక్కాక లండన్‌లో రాగి కళ్ళు నులుముకుంటుంది.
డాలరు మాత్రం పడుకోనే పడుకోదు,
జంక్షన్‌లో కూలీ లాగా
ఒక కన్ను తెరిచే ఉంచుతుంది.

మార్చిలో రావలసిన డాలర్లకి
నవంబరులోనే ధర కట్టించి పెట్టడం నా పని.
ఇంకా కరగని రాగికి,
ఇంకా ఓడ ఎక్కని గొట్టానికి
ఇప్పుడే ఒక అంకె గుచ్చి పెట్టడం.

ఉద్యోగం కొత్తలో మేనత్త మొగిలమ్మ అడిగింది:
"ఏం చేస్తావు మేయ్ ఆడ?"
ఫార్వర్డ్ కాంట్రాక్టు అన్నాను. హెడ్జింగ్ అన్నాను.
గాలిలో వేలితో గీత పైకీ కిందకీ గీశాను.
ఆమె చింతపండులో గింజలు తీయడం ఆపలేదు.
"పూత మీద తోట అమ్మినట్టే గదా.
దానికింత ఇంగిలీషా?"

దామలచెరువు పక్కన ఆమెకి మూడెకరాల బెంగుళూరా మామిడి.
పూత కనపడగానే గుత్తకిచ్చేస్తుంది.
తేనెమంచు పురుగు పడనీ, గాలివాన రానీ,
పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందర
ట్రాక్టర్లు మూడు రోజులు వరస కట్టనీ,
అది గుత్తదారు తలనొప్పి.

ఒక ఏడు కిలో ఇరవై ఆరు పలికింది.
ఆమె చేతికొచ్చింది తొమ్మిది లెక్కన.
"ఏడుపు రాలేదా అత్తా?"
"మే నెలంతా నిద్రపోయినా గదా.
ఆ నిద్ర ఊరికే ఇచ్చినారా ఎవురైనా?"

ఈ మాటని
ఒసాకా మెయిలుకి జవాబుగా రాయలేకపోయాను.
రూపాయి జారింది. మేం కట్టిన ధర కిందే ఉండిపోయింది.
"కట్టకుండా ఉంటే నాలుగు కోట్లు ఎక్కువ వచ్చేవి కదా"
అని ఒక్క వాక్యం, చివర మర్యాదగా ప్రశ్న గుర్తు.
మా మేనేజరు ఢిల్లీబాబు పాలసీలో నాలుగో పేజీ వెతికి పంపించాడు:
సంస్థ మార్కెట్ల మీద పందెం కాయదు.
పంపించి, చాలాసేపు కిటికీలోంచి కొండల్ని చూశాడు.

శుక్రవారం శుక్రవారం ఒక అంకె పైకి పోవాలి.
నూటికి తొంభై అయిదు రోజులు
మన నష్టం ఇంతకి మించదు, అని.
టీ గ్లాసు పెడుతూ గంగులు తెర చదివాడు.
"మిగతా అయిదు రోజులు, మేడం?"
నేను నవ్వాను. అతను నవ్వలేదు.
స్వర్ణముఖి రోడ్డెక్కిన రాత్రి
అతని టీ బండి, రెండు స్టవ్‌లు, అరువు పుస్తకం
ఏ గ్రాఫుకీ చెప్పకుండా వెళ్ళిపోయాయి.

అత్తకీ ఉంది అలాంటి రోజు.
ధర కూలిన ఏడాది గుత్తదారు దొరస్వామి,
పదేళ్ళ నమ్మకం,
ఫోను ఎత్తలేదు.
కాయలు చెట్టు కిందే పులిసిపోయాయి.
అప్పట్నుంచి సగం పూత మీద, సగం కాయ మీద,
అదీ ఇద్దరు మనుషులకి.
మా పాలసీ కూడా అదే చెబుతుంది:
అంతా కట్టేయొద్దు, ఒకే బ్యాంకుని నమ్మొద్దు.
మాకు దానికి పదకొండు సంతకాలు పట్టాయి.

ఏడు గంటల బస్సులో తిరుపతికి వస్తుంటే
ఫోనులో బ్యాంకు కబురు: మీ ఇంటి అప్పు వడ్డీ మారినది.
ఫ్లోటింగ్ అంటారు దాన్ని.
తేలడం.
నాకు ఈత రాదు.

అంతలో అత్త ఫోను.
"పూత దిగింది మేయ్, ఈసారి తెల్లగా కమ్మేసింది.
గుత్తకి వచ్చినారు, అరుగు మీదే కూర్చోనుండారు.
ఎంత చెప్పమంటావు?"

మూడు వేల టన్నుల రాగికి ధర కట్టినదాన్ని.
బస్సు కరకంబాడి దాటేదాకా ఏమీ అనలేదు.
తరువాత
ఒక్క రాత్రి గడువు అడిగాను.